ఎర్నెస్టు అబ్బే: చూపునకు ఎల్ల గీచిన గణితజ్ఞుడు

సూక్ష్మదర్శినియను యంత్రము నెఱుగని విద్యావంతుడు నేడు లేడు. పాఠశాలలో నీటిబొట్టునందలి జీవులను, వైద్యశాలలో నెత్తుటి చుక్కనందలి మలేరియా క్రిములను మనకు చూపుచున్నది ఆ యంత్రమే. ఐనను దాని చూపు ఎంతవఱకు పోవును, ఎచ్చట ఆగును అను ప్రశ్నను లెక్కకట్టి తేల్చినవాడు జర్మనీ దేశీయుడగు ఎర్నెస్టు అబ్బే. శాస్త్రజ్ఞుల లోకమున ఆయన పేరు సుప్రసిద్ధము. 1905 వ సంవత్సరమున గతించిన ఆ మహాశయుని చరిత్రమును మా పాఠకులకు ఇప్పుడు నివేదించుటకు ఒక కారణము గలదు. కాంతిని వెలువరించు అతిసూక్ష్మ పదార్థములను సూదిమొనతో తడవి పరిశీలించు యంత్రములు గడచిన నలుబది యేండ్లలో పుట్టి పెరిగినవి. అవి అబ్బే గీచిన ఎల్లను దాటినవని పలువురు చెప్పుచున్నారు. దాటిన మాట కొంతవఱకు నిజమే. కాని ఆ ఎల్లను దాటు త్రోవ కటకముల వెంట పోదని అబ్బేయే ముందుగా చెప్పి యుండెను. ఈ సంగతిని విస్మరించుట న్యాయము గాదని మా యభిప్రాయము.

అబ్బే 1840 జనవరి 23 వ తేదీన తురింగియా ప్రాంతమందలి ఐజెనాఖ్ పట్టణమున జన్మించెను. తండ్రి ఒక నూలుమిల్లులో పనివాడు. పిదప మేస్త్రి యయ్యెను. ఆ కాలమున మిల్లులో పని దినమునకు 14 గంటలు; సరకు అవసరమెక్కువైన దినములలో 16 గంటలు. నడుమ భోజనమునకు విరామము లేదు. మధ్యాహ్నము కూటిగిన్నెను మిల్లునకు మోసికొని పోవుట ఎర్నెస్టునకును ఆయన చెల్లెలికిని వంతులవారీ పని. తండ్రి యంత్రమున కానుకొని, నిలువుకాళ్లపై నాలుగు ముద్దలు మ్రింగి, ఖాళీ గిన్నెను బిడ్డ చేతికిచ్చి, మరల పనిలో చొచ్చుచుండెను. మంచి దేహదార్ఢ్యము గల ఆ మనుష్యుడు 48 వ యేటనే ముదుసలివలె కనబడుచుండెనట. అబ్బే ఈ దృశ్యమును జీవితాంతము మఱువలేదు. ఆయన తరువాత చేసిన పనులలో సగము ఆ కూటిగిన్నె నుండి పుట్టినవే యని మేము తలంచుచున్నాము.

మిల్లు యజమాని బాలుని తెలివిని గుర్తించి చదువునకు సాయపడెను. యేనాలోను, గోటింగెన్‌లోను గణితమును భౌతికశాస్త్రమును అభ్యసించి, రీమన్, వెబర్ వంటి పండితుల బోధలు విని, 1861లో డాక్టరు పట్టమును పొందెను. 1863లో యేనా విశ్వవిద్యాలయమున ఉపన్యాసకుడుగా ప్రవేశించెను. జీతమా, చెప్పదగినంత లేదు.

1866లో ఆ ఊరి యంత్రకారుడగు కార్ల్ జైస్ ఆయన నాశ్రయించెను. జైస్ అప్పటికి ఇరువది యేండ్లుగా యేనాలో సూక్ష్మదర్శినులను చేయుచున్నాడు. పని చక్కనిది, కాని పద్ధతి గ్రుడ్డిది. ఆ కాలమున కటకములు చేయువారందఱును, వంటయింటిలో ఉప్పును చేతి యంచనాతో వేసినట్లు, ఒక గాజుబిళ్ల అరుగదీసి, మఱియొకదానితో జతచేసి, కంటికి నచ్చువఱకు మార్చుచుండిరి. బాగుగా కుదిరిన యంత్రము వలెనే రెండవది కుదురునను నమ్మకము లేదు. దూరదర్శినుల కటకములను గణితముచే ముందుగా నిర్ణయించుట అప్పటికే కలదు. సూక్ష్మదర్శినులకు మాత్రము ఆ మార్గమెందుకు పనికిరాదని జైస్ ప్రశ్న. తనకు గణితము రాదు గనుక, వచ్చినవానిని వెదకికొని వచ్చెను. ఇది సామాన్యమైన వినయము గాదు.

అబ్బే లెక్కలు కట్టెను. వెడల్పైన కటకమున అంచుల వెంబడి వచ్చు కిరణములు చెదరి రూపమును మసక పఱచునని గణితము తెల్పుచున్నది. కావున ముందటి కటకపు ద్వారమును ఇరుకు చేసిన, చెదరు కిరణములు తగ్గి రూపము స్పష్టము కావలెను. అట్లే చేయించెను. ఫలము విపరీతమయ్యెను. లెక్క ప్రకారము నిర్దోషములైన ఆ కటకములు, చేతి యంచనాతో చేసిన పాత కటకములు చూపిన సన్నని గీతలను చూపలేకపోయెను. జైస్ ధనమును, పనివాండ్ర శ్రమయు వృథా యయ్యెను. మఱియొకడైనచో తప్పును పనివాని పైనో గాజు పైనో త్రోసి ఊరకుండును. అబ్బే లెక్కలో తప్పు లేదని నిశ్చయించుకొని, అట్లయిన లెక్కకు ఆధారమైన భావనలోనే లోపముండవలెనని విచారింప సాగెను.

లోపము దొరకెను. అది యేదియో కొంచెము వివరింపవలసి యున్నది. సన్నని గీతలు దగ్గఱ దగ్గఱగా గీచిన గాజుపలక గుండ కాంతిని పంపుడు. కాంతి తరంగము గనుక, నడుమ తిన్నగా పోవు కిరణముతో బాటు ఇరుప్రక్కలకు కొన్ని పార్శ్వకిరణములు చీలి పోవును. దీనినే వివర్తనమందురు. గీతలెంత దగ్గఱగా నున్న, ఆ పార్శ్వకిరణములంత దూరము ప్రక్కలకు విసరబడును. గీతల వార్తను మోసికొని వచ్చునవి ఆ పార్శ్వకిరణములే. ద్వారము ఇరుకైనచో నడిమి కిరణము మాత్రము లోపల చొరబడును. గీతలకు బదులు తెల్లని వెలుతురు మాత్రము కనబడును. అబ్బే దీనిని కంటికి కట్టునట్లు ప్రయోగముచే చూపెను. కటకము వెనుక అడ్డుబిళ్ల నుంచి పార్శ్వకిరణముల నాపగా గీతలు మాయమయ్యెను. ఒకటి విడిచి యొకటి చొప్పున ఆపగా, పలకపై నున్న గీతలకు రెట్టింపు గీతలు కనబడెను! లేని గీతలను కన్ను నిజముగా చూచెను. సూక్ష్మదర్శినిలో మనము చూచునది వస్తువును మాత్రమే గాదు, ఏ కిరణములను యంత్రము లోనికి రానిచ్చెనో దానిని కూడ అని ఇందువలన తేలినది.

దీనినుండియే ఎల్ల యేర్పడినది. ప్రక్కలకు వచ్చు కిరణములను కటకము ఎంత పట్టుకొన్నను, 90 డిగ్రీలకు మించి పట్టుకొనలేదు. కావున కాంతి తరంగదైర్ఘ్యములో సుమారు సగముకంటె దగ్గఱగా నున్న రెండు చుక్కలను ఏ కటకమును వేఱు వేఱుగా చూపజాలదు. 1873లో ప్రకటించిన వ్యాసమున అబ్బే ఈ నిర్ణయమును చేసెను. మఱుసటి యేడు హెల్మ్‌హోల్ట్‌జ్ పండితుడును స్వతంత్రముగా ఇదే నిర్ణయమునకు వచ్చెను. నేటి లెక్కలో చెప్పవలెనన్న, కంటికి కనబడు కాంతికి ఆ ఎల్ల సుమారు 200 నానోమీటర్లు. నానోమీటరనగా మీటరులో 100 కోట్లవ వంతు. ఆ ఎల్లకు లోపల నున్నదంతయు కటకమునకు ఒకే మసక.

చెఱువుగట్టుపై నిలుచున్న రైతునకు ఇది వింత గాదు. అల వచ్చి పెద్దబండను తాకిన, దాని గుఱుతు అలలో చాలదూరము కానవచ్చును. నీటిలో పాతిన సన్నని పుల్లను తాకిన, అల ఏమియు జరుగనట్లు సాగిపోవును. పుల్ల యున్నదన్న వార్త గట్టునకు చేరదు. చేరవలెనన్న అలయే పుల్లంత చిన్నది కావలెను. లేక మనమే నీటిలో దిగి పుల్లను చేతితో తడవవలెను.

1876లో లండను నగరమున జరిగిన శాస్త్రపరికరముల ప్రదర్శనము గూర్చి అబ్బే వ్రాసి 1878లో ప్రకటించిన నివేదికలో ఈ విషయము మరల వచ్చినది. ఈ ఎల్లను మనుష్యబుద్ధి ఎన్నటికైన దాటవచ్చునని ఆశించుట అప్పటికి ఆయనకు దుర్బలమైన ఊరటగనే తోచినది. దాటు దినము వచ్చిన పక్షమున, అందుకు తోడ్పడు సాధనములు నాటి సూక్ష్మదర్శినిని పేరున మాత్రమే పోలియుండునని ఆయన ఊహించెను. తాను జీవితమంతయు ధారపోసిన యంత్రమును గూర్చి, దాని లాభములో భాగస్వామియై యుండి, ఇట్లు వ్రాయుటకు గుండె ధైర్యము కావలెను.

ఎల్ల తెలిసిన పిదప, దాని అంచువఱకు పోవుటయే పనిగా పెట్టుకొనెను. కటకమునకును వస్తువునకును నడుమ నూనెచుక్క నుంచు పద్ధతి 1878లో వెలువడెను. తగిన గాజు దొరకకున్న, 1879 నుండి ఓటో షాట్ అను యువకునితో కలిసి క్రొత్త గాజులను పరిశోధించి, 1884లో యేనాలో గాజు కర్మాగారమును నెలకొల్పిరి. ఆ గాజుతోను, స్విట్జర్లాండు కొండలలో దొరకు ఫ్లోరైటు స్ఫటికముతోను 1886లో రంగుల చెదరు లేని కటకములు చేసెను. రాబర్టు కాక్ క్షయరోగక్రిమిని 1882లో కనుగొనుటకు జైస్ కర్మాగారపు నూనెకటకములును, అబ్బే కల్పించిన వెలుతురు కూర్చు పరికరమును తోడ్పడినవి. బెర్లిను నగరమున ఆచార్యపదవికి హెల్మ్‌హోల్ట్‌జ్ పిలువగా పోలేదు, యేనాను విడువలేదు.

1888లో జైస్ మరణించెను. కర్మాగారము అప్పటికి ధనలక్ష్మికి నిలయమై యున్నది. అబ్బే ఏమి చేసెనో భూవసతి గల మా పాఠకులు ప్రత్యేకముగ గమనింతురు గాక. 1889లో కార్ల్ జైస్ పేరిట ఒక ధర్మనిధిని స్థాపించి, 1891లో రెండు కర్మాగారములందును తనకు గల భాగములను దానికి వ్రాసి యిచ్చెను. తన పేరు పెట్టుకొనలేదు. జైస్ కుమారుడును పరిహారము గైకొని తన భాగమును విడిచెను. 1896 నాటి నిబంధనల ప్రకారము పనిలో చేర్చుకొనుటయందు మతమును, వంశమును, రాజకీయాభిప్రాయమును పాటింపరాదు. పనివాండ్రకు లాభములో వంతు, వేతనముతో సెలవు, వార్ధకమున పింఛను ఉండవలెను. ఎంత పెద్ద యుద్యోగి యైనను పనివాని సగటు సంపాదనకు 10 రెట్లకు మించి పుచ్చుకొనరాదు. మిగిలిన దానిలో విశ్వవిద్యాలయమునకును, పట్టణమునకును చేరవలెను. సత్రములకు మాన్యములు వ్రాసిన దాతలు మన దేశమున లేకపోలేదు. వారిలో పెక్కురు ఉన్నదానిలో కొంత ఇచ్చిరి; ఈయన ఆస్తినంతయు ఇచ్చి తానే ఆ నిధికి జీతగాడయ్యెను. అంతేకాదు, పనివానికి చేరునది దానము గాదు, చట్టబద్ధమైన హక్కు కావలెనని పట్టుబట్టెను. విశ్వవిద్యాలయపు విద్యయు, పనివాండ్ర చేతినేర్పును కలిసి పుట్టిన లాభము ఒక్కని యింట చేరుట ఆయన లెక్కకు సరిపోలేదు.

1900 వ సంవత్సరమున పనిదినమును 9 గంటలనుండి 8 గంటలకు తగ్గించెను. ఇచ్చటను లెక్కయే. ఉత్పత్తి తఱుగకుండ నుండుటకు గంటకు నూటికి పండ్రెండున్నర వంతున పని హెచ్చవలెను. ఏడాది తరువాత చూడగా సుమారు నూటికి 16 వంతులు హెచ్చెను. అలసట తీరిన మనుష్యుడు ఎక్కువ పనిచేయునని, మిల్లులో నిలువుకాళ్లపై తినిన తండ్రి కుమారుడు అంకెలతో చూపెను.

ఆరోగ్యము చెడి 1903లో పనినుండి విరమించి, 1905 జనవరి 14 వ తేదీన యేనాలోనే స్వర్గస్థుడయ్యెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము జర్మనీతో బాటు ఆ కర్మాగారమును రెండుగా చీలినది. 1990లో దేశమేకమైన పిదప మరల కలిసినది. ధర్మనిధి నేటికిని గలదు.

ఇక ఆయన ఊహించిన సాధనముల మాట. 1931లో జర్మనీలోనే ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని పుట్టి వస్తురూపములను మిక్కిలి సూక్ష్మముగ చూపెను. కాని ఒక కణిక ఏ రంగు కాంతిని వెలువరించుచున్నదను ప్రశ్నకు అది చాలలేదు. దానికి త్రోవ ఐర్లండునుండి వచ్చినది. ప్రసిద్ధ నాటకకర్త సింగ్ సోదరపుత్రుడగు ఎడ్వర్డు సింగ్ 1928లో ఒక ఉపాయమును ఐన్‌స్టైనునకు వ్రాసి, ఆయన ప్రోత్సాహమున ప్రకటించెను. తరంగదైర్ఘ్యముకంటె చాల చిన్నదగు రంధ్రమును వస్తువునకు మిక్కిలి చేరువగా నుంచి, చుక్క చుక్కగా జరుపుచు, ఒక్కొక్క చుక్కనుండి వచ్చు కాంతిని కొలిచి పటము కట్టవలెను. రంధ్రమును జరుపుటకు, విద్యుత్తు తాకిన రవ్వంత సాగు స్ఫటికములను వాడవచ్చునని 1932లో వ్రాసెను. ఆయన మాటను ఆనాడు ఎవరును పట్టించుకొనలేదు.

వస్తువును అంటుకొని, కొన్ని పదుల నానోమీటర్ల లోపలనే అణగిపోవు కాంతి యొకటి గలదు; అది దూరము పోదు. అబ్బే కటకము దూరమున నున్నది గనుక ఆ కాంతి దానికి చేరదు. చెఱువులో దిగి పుల్లను తడవిన చేయి వలె, మొన ఆ కాంతి యున్న చోటికే పోవును. కావున అబ్బే సూత్రము అసత్యము కాలేదు. దూరము పోవు తరంగములకు అది నేటికిని శాసనమే.

1981లో స్విట్జర్లాండు దేశమందలి జూరిక్ నగర సమీపమున ఐబీఎం పరిశోధనశాలలో బిన్నిగ్, రోరర్ అను ఇరువురు లోహపు సూదిమొనను ఉపరితలమునకు నానోమీటరు దూరమునకు చేర్చి, నడుమ దూకు ఎలక్ట్రానుల ప్రవాహమును కొలిచి, పరమాణువులను ఒక్కొక్కటిగా గుర్తించు యంత్రమును కల్పించిరి. మొనను జరుపునవి సింగ్ చెప్పిన జాతి స్ఫటికములే. 1986లో నోబెల్ బహుమానము వచ్చెను. అదే పరిశోధనశాలలో 1984లో పోల్ సన్నని రంధ్రముతో కాంతిని కొలిచెను. 1988లో గిమ్‌జెవ్‌స్కీయును సహచరులును, సూదిమొననుండి దూకు ఎలక్ట్రానులు కోల్పోవు శక్తి కాంతిగా వెలువడుటను గమనించిరి. అనగా మొనయే అగ్గిపుల్ల, మొన క్రింది పదార్థమే దీపము.

ఇందువలన ప్రయోజనమేమని అడుగవచ్చును. కార్తికమాసమున గోదావరిలో విడిచిన దీపములను ఆవలిగట్టునుండి చూచువానికి ఒకే వెలుగుపట్టె కనబడును. ఏ దీపమెట్లున్నది, ఏది ఆరుచున్నది అతడెఱుగడు. అతిసూక్ష్మ పదార్థముల కాంతియు నిట్టిదే. వానిలో రంగు పదార్థమునుబట్టియే గాక పరిమాణమునుబట్టియు మారును. కోట్ల కణికల కాంతిని కలిపి చూచిన, ఒక వెడల్పైన మసక రంగుపట్టె కనబడును. అమెరికా దేశపు బెల్ ప్రయోగశాలలలో బెట్‌జిగ్ 1991లో, గాజుతంతువును కాచి సాగదీసి, మొనకు అల్యూమినియము పూసి, సూక్ష్మరంధ్రము గల కాంతిమొనను సిద్ధపఱచెను. 1994లో హెస్, బెట్‌జిగ్ ప్రభృతులు అతిశీతలమున గాలియం ఆర్సెనైడు పలుచని పొరపై ఇట్టి మొనను నడపగా, వెడల్పైన రంగుపట్టె విడిపోయి, ఒక్కొక్క చోట ఒక్కొక్క సూదివంటి సన్నని గీతగా నిలిచెను. పొర మందము అచ్చటచ్చట రవంత హెచ్చుతగ్గగుటచే కాంతి పుట్టు తావులు వేఱు వేఱుగా ఏర్పడినవని తెలిసెను. ఆవలిగట్టువాడు పడవలో దీపముల నడుమకు వచ్చెనన్నమాట. బెట్‌జిగ్ పిదప ఈ మార్గమును విడిచి, కటకములతోనే మఱియొక యుక్తిచే ఎల్లను తప్పించుకొని, 2014లో నోబెల్ బహుమానములో భాగము పొందెను.

మొన మార్గమున చిక్కులు లేకపోలేదు. రంధ్రమెంత చిన్నదైన కాంతి అంత అల్పము. ఏ రెండు మొనలును ఒక్కటిగా నుండవు. అన్నిటికంటె పెద్ద చిక్కు, లోహపుమొన దగ్గఱకు రాగానే కణిక వెలుగు హెచ్చుటయో, అణగుటయో జరుగును. కొలిచినది కణిక వెలుగా, మొనయు కణికయు కలిసిన జంట వెలుగా యని ప్రతి ఫలితమునకును అడుగవలసి యున్నది. లేని గీతలను చూపించిన అబ్బే ప్రయోగము నెఱిగినవారు ఈ ప్రశ్నను మఱువరు.

2003లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఇర్వైన్ శాఖలో విల్సన్ హో బృందమువారు ఒక్క అణువును వెలిగించిరి. నెత్తుటికి ఎఱుపునిచ్చు పదార్థముతో చుట్టఱికము గల పార్ఫిరిన్ అణువది. లోహముపై నేరుగ నుంచిన దాని వెలుగును లోహమే మ్రింగివేయును గనుక, నడుమ అతిపలుచని అల్యూమినియం ఆక్సైడు పొరను పఱచిరి. ఒకే అణువులో ఈ కొనను తాకిన ఒక రీతి కాంతి, ఆ కొనను తాకిన మఱియొక రీతి కాంతి వెలువడెను.

బాల్యమున మన విశాఖపట్టణమున చదివిన సర్ సి. వి. రామన్ తన కాంతిఫలితమును కనుగొన్నదియు, సింగ్ ఉపాయము వెలువడిన 1928 వ సంవత్సరముననే. నాడు ఆ రెండింటికి సంబంధమున్నదని తలంచినవారు లేరు. 2000 వ సంవత్సర ప్రాంతమున వేఱు వేఱు దేశములవారు రామన్ కాంతిని లోహపుమొన క్రింద వృద్ధిచేసి కొలుచుట నేర్చిరి. 2013లో చైనా దేశమందలి హెఫెయి నగర శాస్త్రజ్ఞులు వెండి మొనతో, వెండి పలకపై నున్న ఒక్క పార్ఫిరిన్ అణువు లోపలి భాగములను నానోమీటరుకంటె తక్కువ కొలతతో పటము గీచిరి. ఆ యంత్రమందును కటకమున్నది. కాని అది మొన క్రింద పుట్టిన కాంతిని పోగుచేసి ఇచ్చుటకు మాత్రమే.